ఎముకకు బరువు కావాలన్న ప్రమీల మేడం

ప్రమీల మేడం పోయారన్న కబురు నాకు పూల బొమ్మల మధ్య వచ్చింది. అశోక్ నగర్‌లో పోటీ పరీక్షలకు చదివేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆమె ఫొటో చుట్టూ మల్లెలు అతికించి, మూలకొక దీపం పెట్టి, కింద "అంతరిక్ష విజ్ఞాన ధ్రువతార నింగికెగసింది" అని రాశారు. అప్పుడు నేను బాగ్ లింగంపల్లిలో కూరగాయలు బేరం చేస్తున్నాను. చేతిలోని సంచీ ఎక్కడ వదిలేశానో, ఇంటికి ఎలా చేరానో గుర్తు లేదు. నిర్ఘాంతపోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆ వాక్యాన్ని మేడం చూసి ఉంటే "నింగి ఏడ మొదలైతది బిడ్డా? ధ్రువతార ఎగురుతదా?" అని అడిగి, రాసినవాడిని నలుగురిలో తలెత్తుకోకుండా చేసేవారు. అడగడానికి ఆమె లేరన్న సంగతి అప్పుడు బోధపడి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే కోపం వచ్చింది. ఏడుపు తగ్గింది గాని కోపం తగ్గలేదు. కనుక ఈ నాలుగు మాటల్లో తేనె కోసం వెతికేవారు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఆమెను ఎరగనివారి కోసం చెబుతున్నాను. నారాయణగూడలోని ఒక కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి, ఆ ఉద్యోగం వదిలి, అశోక్ నగర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైన ఉన్న హాలులో ముప్పై ఏళ్ళకు పైగా శాస్త్ర సాంకేతిక రంగాల పాఠం చెప్పిన విదుషీమణి ఆమె. పల్లెల నుంచి ట్రంకు పెట్టెలతో వచ్చి హాస్టళ్ళలో ఇరుక్కుని సర్కారు కొలువు కోసం చదివే వేలాది మందికి అంతరిక్షమంటే ఏమిటో మొదట చెప్పిన నోరు అది. అవివాహిత. చిక్కడపల్లి గ్రంథాలయం వెనక సందులో తమ్ముడి కుటుంబంతో ఉండేవారు. పొద్దున్నే నూలు చీర, కాళ్ళకు గుడ్డ బూట్లు వేసుకుని, ఆటోలను తిట్టుకుంటూ అశోక్ నగర్ దాకా నడిచి వచ్చేవారు. సంతాప సభలో ఆమెను కరుణామయి అన్నారు, మాతృమూర్తి అన్నారు. నేను ఆమె దగ్గర చదువుకున్నాను, తర్వాత ఆమె పక్కనే పాఠాలు చెప్పాను. కరుణ అనే గుణాన్ని ఆమెలో నేనైతే చూడలేదు. ఆమె నోరు కొరడా. దెబ్బ తినని శిష్యుడు లేడు, తిన్నందుకు బాగుపడనివాడూ అరుదు.

ఒకసారి వరంగల్ వైపు నుంచి వచ్చిన కుర్రవాడొకడు "అంతరిక్ష పరిశోధన వల్ల ప్రయోజనాలు" అన్న ప్రశ్నకు లేచి నిలబడి, పది ప్రయోజనాలను సుప్రభాతంలా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. మేడం అందరూ ఆగేదాకా చూసి, "మూడోది మళ్ళ చెప్పు" అన్నారు. వాడు మొదటి నుంచి మొదలుపెట్టాడు. "మొదటి నుంచి వద్దు, మూడోది ఒక్కటే చెప్పు" అన్నారు. వాడికి రాలేదు. "నోరు బాగనే తిరుగుతున్నది. మెదడు ఎవరికి కిరాయికిచ్చినవు?" అన్నారు. వాడు ఆ రోజు హాస్టలుకు పోయి అన్నం తినలేదని తర్వాత తెలిసింది. నేను ఆ సంగతి చెబితే మేడం "ఒక పూట తినకుంటే ఏం గాదు. తెలియకుండ తిన్నదే అరగదు" అన్నారు.

నా వంతు కూడా వచ్చింది. మాది నీళ్ళకు కటకటలాడే ఊరు. చేరిన కొత్తలో నేను ఆవేశంగా లేచి, "మేడం, మా ఊర్లె తాగనీకి నీళ్ళు లెవ్వు, పైకి రాకెట్లెందుకు?" అన్నాను. వెనక బెంచీల నుంచి ఈలలు వేశారు. మేడం నన్ను కిందికీ పైకీ చూసి, "ప్రశ్న మంచిది. కాని నువ్వు జవాబు కోసం అడగలె, ఈలల కోసం అడిగినవు. ఈలలు వచ్చినయి గద, ఇగ కూసో" అన్నారు. భూమి చీలితే బాగుండునని అనిపించింది. ఆ తర్వాత ఆమె చెప్పిన జవాబు మాత్రం నా బతుకును మలుపు తిప్పింది.

"ప్రయోగశాలల గాలి తీసెయ్యొచ్చు, వెలుతురు తీసెయ్యొచ్చు, వేడి తగ్గించొచ్చు," అన్నారు మేడం. "బరువు ఒక్కటి తీసెయ్యరాదు. పుట్టిన నాటి నుంచి అది మన నెత్తి మీద కూసోని ఉన్నది. అది మనకేం చేస్తున్నదో తెల్వాలంటే, అది తెలియని కాడికి పోయి చూడాలె. కొవ్వొత్తి మంట మొనదేలి ఎందుకు నిలబడుతది? మనకు తెల్వదు, ఎందుకంటే అడగలె. పైన ఆ మంట గుండ్రంగ ఉంటది. అప్పుడు అడుగుతం. అంతరిక్షంల పరిశోధన అంటే ఇదే. వాళ్ళు పోయేది ఆకాశాన్ని చూడనీకి కాదు, ఇక్కడి సంగతి తెల్సుకోనీకి. మీ ఊరి నీళ్ళ సంగతి వేరే ఉన్నది, అది మీ సర్పంచిని అడుగు."

ఆమె పాఠాల్లో మకుటాయమానమైనది ఎముకల పాఠం. దానికి ఒక నియమం ఉండేది. ఆ రోజు క్లాసులో ఎవరూ కూర్చోకూడదు. చెప్పడం పూర్తయ్యేవరకు అందరూ నిలబడే వినాలి, నిలబడే రాసుకోవాలి. "నిలబడుండ్రి. మీ బరువు మీ ఎముకల మీద పడాలె. అంతరిక్షంల తేలెటోళ్ళకు ఆ బరువు పడదు. పడకపోతే ఎముక అనుకుంటది, ఇగ నాతోని పనిలేదని. లోపలున్న సున్నం విడిచిపెడ్తది. కండ కరుగుతది. అందుకే వాళ్ళు రోజూ గంటలకు గంటలు పట్టీలు కట్టుకొని పరిగెత్తుతరు. ఎముకకు బరువు కావాలె. ఇది పైకి పోయినోళ్ళు తెచ్చిన వార్త, కింద మంచాన పడ్డోళ్ళ కోసం" అనేవారు. భూమి మీదే మనుషులను వారాల తరబడి మంచం మీద, తల కొంచెం కిందికి వాల్చి పండబెట్టి ఆ మార్పులనే పరీక్షించారని కూడా చెప్పేవారు. రోగిని మంచం నుంచి ఎంత త్వరగా దించితే అంత మేలన్నది ఆ పాఠంలో చివరి వాక్యం. కాళ్ళు పీకుతున్నాయని హాస్టలు పిల్లలు గొణిగేవారు. ఆమె మాత్రం ఏ పాఠమైనా కుర్చీలో కూర్చుని చెప్పగా నేను చూడలేదు.

ఆ పాఠం రాసి ఎందరో ఒడ్డెక్కారు. అందులో శ్రీకాంత్ ఒకడు. సరిగ్గా ఎముకల ప్రశ్నే పరీక్షలో వస్తే దంచి రాసి, ఇప్పుడు ముందొకటి వెనకొకటి బండ్లతో తిరిగే పెద్ద అధికారి అయ్యాడు. నాకు కొలువు రాలేదు. రెండోసారి తప్పినప్పుడు ఓదార్పు కోసం మేడం దగ్గరికి పోయాను. "నీకు కొలువు రాకపోవుడు సర్కారు అదృష్టం. నువ్వు సంతకం పెట్టెదానివి కాదు, వాదించెదానివి. రేపటి నుంచి నా పక్కన పాఠం చెప్పు" అన్నారు. ఓదార్పు అంటే అదే ఆమెకు.

నిరుడు వానల్లో ఆ టిఫిన్ సెంటర్ మెట్ల మీదే జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరు గారు స్పష్టంగా చెప్పారు, మర్నాటి నుంచే లేపి నిలబెట్టి, పట్టుకుని నాలుగడుగులు వేయించమని. ఇంటికి వచ్చాక వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ అమ్మాయిని కూడా కుదిర్చారు. ఆ అమ్మాయి వచ్చి మేడంను లేపి నిలబెట్టింది. మేడం నొప్పికి కెవ్వున అరిచారు. జీవితంలో ఎవరూ ఆమె అరుపు వినలేదు, ఎందుకంటే ఆమె అరిపించే మనిషే గాని అరిచే మనిషి కాదు.

ఆ అరుపు విన్నది ఆమె తమ్ముడు విఠల్ రావు గారు. ఆయన గురించి చెప్పాలి. నారాయణగూడ మార్కెట్ దగ్గర స్టీలు సామాను దుకాణం ఆయనది. తల్లి పోయేనాటికి ఆయన పాలు తాగే పిల్లవాడు. ప్రమీల మేడమే తల్లి అయ్యారు, ఆయన కోసమే పెళ్ళి మాట తలపెట్టలేదు. అక్క అంటే ఆయనకు ప్రాణం. అంత ప్రేమ ఉన్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు, చూడకుంటేనే మంచిదని ఇప్పుడు అనిపిస్తోంది. ఆయన ఉరికొచ్చి అక్కను మళ్ళీ పండబెట్టి, ఆ అమ్మాయికి చాయ్ తాగించి, రేపటి నుంచి రావద్దని పంపేశారు. తర్వాత అక్క చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుని, "అక్కా, పూర్తిగ తగ్గేదాక నువ్వు మంచం దిగినవంటే నా పీనుగను చూసినట్టే. ఒట్టు" అన్నారు.

అమావాస్యనూ పిల్లి ఎదురునూ తుమ్మునూ క్లాసులో చీల్చి చెండాడిన మనిషి ప్రమీల మేడం. పరీక్షకు ముందు తాయెత్తు కట్టుకొచ్చిన అమ్మాయిని "పేపరు దిద్దేటోనికి గూడ ఒకటి కట్టి రా" అని నలుగురిలో కడిగేసిన మనిషి. ఆమె ఒట్టుకు కట్టుబడి మంచం మీద ఉండిపోయారంటే నేను నమ్మలేదు. పోయి చూస్తే నిజమే. చిక్కడపల్లి ఇంటి ముందు గదిలో, కిటికీ పక్కన, తెల్లటి దుప్పటి మీద బొమ్మలా పడుకుని ఉన్నారు. విఠల్ రావు గారి భార్య చెంచాతో జావ తాగిస్తున్నారు. అంత శ్రద్ధగా, అంత శుభ్రంగా, అంత ఘోరంగా చూసుకుంటున్నారు.

పరామర్శకు వచ్చిన శిష్యబృందం సంగతి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. ఆ సందులోకి పట్టని బండిలో శ్రీకాంత్ వచ్చాడు. దానిమ్మ పండ్లు పెట్టి, పాదాలు తాకి, "మేడం, మీరు అసలు లేవొద్దు. ఫుల్ రెస్ట్ తీసుకోవాలె" అన్నాడు.

మేడం కళ్ళు తెరిచి, "శ్రీకాంత్, ఎముకల ప్రశ్నకు నీకు మార్కులు మంచిగ పడినయి గదా?" అని అడిగారు.

"మీ దయ మేడం. ఆ పేపర్ల నాదే టాప్" అన్నాడు మురిసిపోతూ.

"దిద్దినోడు గూడ నీ అసొంటోడే అయి ఉంటడు" అన్నారు మేడం. శ్రీకాంత్‌కు అర్థం కాలేదు. నవ్వి, మళ్ళీ ఒకసారి రెస్ట్ తీసుకొమ్మని చెప్పి వెళ్ళాడు. వచ్చినవాళ్ళందరూ అంతే. ఆ పాఠాన్ని నిలబడి విన్నవాళ్ళు, రాసినవాళ్ళు, దానితో కుర్చీలు సంపాదించినవాళ్ళు. ఒక్కరికి కూడా అది మంచం మీద ఉన్న మనిషి గురించి అని తోచలేదు. వాళ్ళ దృష్టిలో అది పేపర్ల కోసం పుట్టిన సంగతి, పేపర్లోనే ఉండిపోవాలి.

అందరూ పోయాక నేను తలుపు దగ్గరికి వేసి, "మేడం, లేవుండ్రి. నేను పట్టుకుంట. రెండడుగులు ఏద్దాం" అన్నాను.

"వద్దు."

"ఒట్లు మీరెప్పటి సంది నమ్ముతున్నరు? మాకు చెప్పిందంత ఉత్తదేనా?" నాకు ఒళ్ళు మండి గట్టిగానే అడిగాను. ఆమె దగ్గర నేర్చుకున్న నోరే నాది.

మేడం నన్ను దగ్గరికి రమ్మన్నారు. "ఒట్టు ఉత్తదేనని నాకెరుకనే. కాని విఠల్ నమ్ముతడు. వాని గుండెల స్టెంట్లున్నయి. నేను దిగినాంక వానికి ఎప్పుడన్న ఒక్కసారి నొప్పి లేస్తది, అది లేవకుండ ఉండదు. లేస్తే, అక్క ఒట్టు తప్పింది, ఇగ అయిపోయిననుకుంటడు. అట్ల అనుకున్నోని గుండె నిలబడుతదా? వాన్ని నేను చేతుల్ల పెంచిన. నా ఎముకలు పోతే పోనీ." తర్వాత నా మణికట్టు పట్టుకుని, "ఈ ముచ్చట వానికి చెప్పకు. చెప్తే నీ ముఖం చూడ" అన్నారు.

చెప్పకుండానే ఆయన చేత ఒట్టు తీయిద్దామని దుకాణానికి పోయాను. బిందెలు, టిఫిన్ డబ్బాల మధ్య కూర్చున్న విఠల్ రావు గారికి ఎముకల సంగతి, అంతరిక్షంలో తేలేవాళ్ళ సంగతి, మంచాన పండబెట్టి చేసిన పరిశోధనల సంగతి వివరించి, "జర ఆ ఒట్టు తీసెయ్యిండ్రి" అన్నాను. ఆయన ఓపికగా విన్నారు, చాయ్ తెప్పించారు.

"బిడ్డా, ఆకాశంల తిరిగెటోళ్ళ ముచ్చట నాకెందుకు?" అన్నారు. "వాళ్ళేడ, చిక్కడపల్లిల మా అక్క ఏడ? ఆ అరుపు నువ్వు వినలె, నేను విన్న. అక్క గూడ మంచిగనే పండుకున్నది, లేస్తనని ఒక్క మాట అనలె. అనని మాట నువ్వెందుకు అంటున్నవ్?"

నా దగ్గర జవాబుంది. నోరు కట్టేసి ఉంది. చాయ్ తాగి వచ్చేశాను.

ఇక లేచేది లేదని ఖాయమయ్యాక ప్రమీల మేడం చేసిన పని ఏ గురువూ చేసి ఉండరు. అశోక్ నగర్ బ్యాచ్‌ను కొద్దికొద్దిమందిగా ఇంటికి రప్పించమని నాకు చెప్పారు. పిల్లలు మంచం చుట్టూ నిలబడ్డారు. ఆమె చీర మోకాలి దాకా జరిపించుకుని కాలు చూపించారు. పిక్క లేదు. చర్మం వదులై, కింద ఎముక తేలి ఉంది. "చూడుండ్రి. కండ ఎట్ల కరిగిందో చూడుండ్రి. పైకి పోయినోళ్ళకు ఇదే అయితది, కాకపోతే వాళ్ళు వ్యాయామం చేస్తరు, నేను చెయ్యలె. రాసుకోండి" అన్నారు. విఠల్ రావు గారి భార్య లోపలి నుంచి వచ్చి, "అయ్యో వదినా, పిల్లల ముంగట కాలేంది?" అని దుప్పటి కప్పబోయారు. "ఇది కాలు కాదు, పాఠం. నువ్వు పక్కకు జరుగు" అన్నారు మేడం. ఒకమ్మాయి వెక్కిళ్ళు పెట్టింది. మేడం ఆమెనే ముందుకు పిలిచి, కాలు పట్టుకుని చూడమన్నారు. "ఏడుస్తే కళ్ళకు ఆనదు. ముందుగాల చూడు, తర్వాత ఇంటికి పోయి ఏడువు" అన్నారు. ఆ అమ్మాయి పట్టుకుని చూసింది. నేను ఆ గదిలో ఉండలేక బయటికి వచ్చి, పక్కింటి గోడకు ఆనుకుని ఏడ్చాను.

చలికాలంలో ఛాతీ నిండా నెమ్ము చేరింది. కదలకుండా పడి ఉన్నవాళ్ళకు అది వస్తుందని కూడా ఆమె ముందే మాకు చెప్పారు. ఆస్పత్రికి తీసుకుపోయేసరికి ఊపిరి చిక్కటం లేదు. ఒక పొద్దున పోయారు.

చిక్కడపల్లిలో ఒక హాలులో సంతాప సభ జరిగింది. వెనక కట్టిన ఫ్లెక్సీలో మేడం ఫొటో, పక్కన ఎగిరే రాకెట్టు. శ్రీకాంత్ గద్గద స్వరంతో మాట్లాడాడు. జీవితమంతా నిలబడి పాఠం చెప్పిన తల్లికి చివరి రోజుల్లోనైనా విశ్రాంతి దొరికిందన్నాడు. చప్పట్లు కొట్టారు. విఠల్ రావు గారు మైకు పట్టుకుని, "ఒక్కనాడు గూడ మా అక్కను కాలు కింద పెట్టనియ్యలె" అని బావురుమన్నారు. హాలంతా కళ్ళు తుడుచుకుంది. నన్ను కూడా మాట్లాడమన్నారు. గొంతు బాగాలేదని తప్పించుకున్నాను. మైకు చేతికి వస్తే ఎవరి గొంతు పట్టుకునేదాన్నో నాకే తెలియదు.

మేడం వంటి గురువులు మళ్ళీ పుట్టరని అందరూ అంటారు, నేనూ అంటాను. కాని నేను అనేది వేరు. తెలివైనవారు పుడతారు, దయగలవారు పుడతారు. ఒక మనిషి తప్పు చేస్తుంటే ముఖం మీద చెప్పేవారు, ఆ చెప్పినదానికి తమ ఒంటినే రుజువుగా చూపించగలవారు పుడతారన్న ఆశ నాకు లేదు. అశోక్ నగర్‌లో ఇప్పుడు అంతరిక్షాన్ని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. తెర మీద బొమ్మలు చూపిస్తారు, జోకులు వేస్తారు, అందరినీ "తమ్ముడూ, చెల్లీ" అంటారు. పిల్లలు సంతోషంగా ఉన్నారు. వాళ్ళను చూస్తే భయమేస్తుంది.

పోయిన వారం ఎముకల పాఠం నా వంతుకు వచ్చింది. నియమం తప్పలేదు, అందరినీ నిలబెట్టాను. చెబుతుండగా వెనక తలుపు దగ్గర విఠల్ రావు గారు కనిపించారు. పడిన రోజు నుంచి ఇక్కడే ఉండిపోయిన అక్క బూట్లూ పుస్తకాలూ తీసుకుపోవడానికి వచ్చారట. ఒక పిల్లవాడు కుర్చీ చూపిస్తే వద్దన్నారు. అందరితో పాటు నిలబడి విన్నారు. రోగిని మంచం నుంచి ఎంత త్వరగా దించితే అంత మేలన్న చివరి వాక్యం దాకా విన్నారు. పిల్లలు వెళ్ళిపోయాక నా దగ్గరికి వచ్చారు.

"ఇది నువ్వు దుకాణంల చెప్పిన ముచ్చటనే గదా?"

"అదే."

"ఇదంత అక్కకు ఎరుకేనా?"

"ఆమె చెప్పిందే నేను చెప్తున్న. ముప్పై ఏండ్ల సంది ఇదే గదిల చెప్పింది."

ఆయన ముఖం చూస్తుండగానే పాలిపోయింది. "మరి నాతోని ఒక్క మాట అనలేదేంది? అంత ఎరుకుండి ఎందుకు పండుకున్నది?"

మేడం చెప్పవద్దన్నారు. ఆమె మాట నేను ఏనాడూ జవదాటలేదు. ఈయన గుండె సంగతీ నాకు తెలుసు. కాని ఈ మనిషి ఇప్పుడు ఈలల కోసం అడగడం లేదు, జవాబు కోసం అడుగుతున్నాడు. అలా అడిగినవాడికి అబద్ధం చెప్పడం నాకు ఆమె నేర్పలేదు. ఇంకొకటి కూడా ఉంది, దాచను. ఆయనకు నొప్పి కలగాలని నాకు ఉంది.

"మీరు ఒట్టు పెట్టిన్రు కాబట్టి పండుకున్నది," అన్నాను. "ఒట్టు తప్పితే మీకేమన్న అయితదని మీరు భయపడి చస్తరని పండుకున్నది. లేస్తే బతుకుతదని ఎరుకుండి లేవలె."

విఠల్ రావు గారు బెంచీ అంచు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆయన ముఖం చూసి నాకు ఒక క్షణం తృప్తి కలిగింది. ఆ తర్వాత చాలా భయం వేసింది. కూర్చోమన్నాను, నీళ్ళిచ్చాను. తాగలేదు. కాసేపటికి అక్క బూట్లు చేతిలో పట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్ళిపోయారు. ఆ రాత్రి ఫోను చేశాను. ఆయన భార్య ఎత్తి, బాగానే ఉన్నారని, ఎవరితోనూ మాట్లాడటం లేదని చెప్పారు. ఇప్పటికీ మాట్లాడటం లేదు.

ప్రమీల మేడం, మీరు ప్రాణం పెట్టి దాచిన మాటను నేను ఒక ప్రశ్నకు జవాబుగా చెప్పేశాను. మీరుంటే నాకు సున్నా వేసేవారో, పూర్తి మార్కులు వేసేవారో ఎంత ఆలోచించినా తేలడం లేదు. దిద్దడానికి మీరు లేరు.